మాట్లాడగలిగేంత వేగం

లాస్య నడిచే తీరు మొదటిసారి చూసి నవ్వనివాళ్లు తక్కువ. మోచేతులు వంచి చకచకా ఊపుతుంది, నడుము కుడికీ ఎడమకీ తిరుగుతుంది, కాళ్లు మాత్రం కర్రల్లా నిటారుగా పడతాయి. అది పరుగు కాదు, మామూలు నడకా కాదు. దాన్ని నడక పందెం అంటారు. ఎప్పుడూ ఒక పాదం నేల మీద ఉండి తీరాలి. ముందుకు వేసిన కాలు నేలను తాకినప్పటి నుంచి ఒంటి కిందికి వచ్చేదాకా మోకాలు వంగకూడదు. ఈ రెండూ తప్పకుండా ఇరవై కిలోమీటర్లు నడవాలి. లాస్య గంటా నలభై ఒక్క నిమిషాల్లో నడిచింది. రాష్ట్రంలో ఆడవాళ్ల రికార్డు అదే. జాతీయ పోటీల్లో రెండుసార్లు ఐదో స్థానం వచ్చింది. ఐదో స్థానం వచ్చినవాళ్ల ఫొటోలు పేపర్లో పడవు కాబట్టి ఆ సంగతి ఆమె వీధిలోవాళ్లకే తెలియదు.

పుట్టి పెరిగింది ఎర్రగడ్డలో. ఉద్యోగం జూబ్లీ హిల్స్‌లోని ఒక ప్రైవేటు స్కూల్లో, ఆటల టీచరుగా. పిల్లలు గ్రౌండులో ఆమె వెనకే బారులు తీరి అదే నడక నడుస్తూ వెక్కిరించేవారు. ఆమె కోప్పడేది కాదు. వెనక్కి తిరిగి, "నీ మోకాలు వంగుతుంది, చూసుకో" అని తప్పు దిద్దేది.

భర్త పేరు సాయిశ్రీనివాస్. ఫిల్మ్‌నగర్‌లో ఒక రికార్డింగ్ స్టూడియోలో పనిచేస్తాడు. తెర మీద ఎవరైనా నడిస్తే వినిపించే అడుగుల చప్పుడు, తలుపు చప్పుడు, గాజుల గలగల అన్నీ అతను చిన్న గదిలో మళ్లీ చేసి మైకులోకి ఎక్కిస్తాడు. ఒక ఆటల సినిమాకి నిజమైన క్రీడాకారుల అడుగులు కావాలని నలుగురిని పిలిపించినప్పుడు, ఆ నలుగురిలో లాస్య ఒకర్తె. కంకర పోసిన ట్రేలో ఆమె నడుస్తుంటే అతను, "కొంచెం మామూలుగా నడవండి" అన్నాడు. "నాకు మామూలు నడక గిదే" అంది ఆమె. ఏడాదిన్నరకు పెళ్లయింది.

ఫిల్మ్‌నగర్ ఎత్తు మీద పాత అపార్ట్‌మెంట్‌లో రెండో అంతస్తు వాళ్లది. వాళ్లతో శ్రీనివాస్ తల్లి శేషారత్నం ఉంటుంది. అరవై ఒక్క ఏళ్లు, కొంచెం షుగరు. రేపల్లె మనిషి. భర్త సుబ్రహ్మణ్యం సినిమా కంపెనీలో ప్రొడక్షన్ మేనేజరుగా చేసేవాడు. కంపెనీ మద్రాసు నుంచి హైదరాబాదుకు మారినప్పుడు ఆయన వెంట ఆమె ఇక్కడికి వచ్చింది. ఆయన పోయి ఆరేళ్లయింది.

ఆ ఫిబ్రవరిలో ఒక ఉదయం లాస్య కె.బి.ఆర్. పార్కు చుట్టూ పదిహేను కిలోమీటర్లు నడవాలి. మార్చిలో జాతీయ పోటీలు ఉన్నాయి. కోచ్ కమలాకర్ స్టాప్‌వాచ్ పట్టుకుని మలుపులో నిలబడ్డాడు. తొమ్మిదో కిలోమీటరు దగ్గర ఆమె ఆగిపోయి, నడుం మీద చేతులు పెట్టుకుని రొప్పుతూ నిలబడింది.

"ఏమైంది బిడ్డా? జ్వరం గిట్ల ఉందా?"

"తెల్వదు సార్. కాళ్లు మంచిగనే ఉన్నయ్. ఊపిరే సరిపోతలేదు."

కమలాకర్ ముప్పై ఏళ్లుగా పిల్లలకు నడక నేర్పుతున్న మనిషి. ఊరికే గట్టిగా అరిచే రకం కాదు. "ఇంటికి పో. నాలుగు రోజులు ఒళ్లు ఏం చెప్తదో విను" అన్నాడు.

లాస్యకు దారిలోనే అనుమానం వచ్చింది. మందుల షాపులో ఆగి పరీక్ష కిట్టు కొనుక్కుని ఇంటికి వెళ్లింది. రెండు గీతలు వచ్చాయి. ఆమెకు మొదట గుర్తొచ్చింది మార్చి. ఆ తరువాతే బిడ్డ. ఆ వరుస ఆమె ఎవరి దగ్గరా దాచలేదు. తరువాతెప్పుడో అత్తగారికి కూడా చెప్పింది.

శ్రీనివాస్ హాల్లో చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని పనిలో ఉన్నాడు. ఆమె కిట్టు అతని కళ్ల ముందు పెట్టింది. హెడ్‌ఫోన్లు తీసి, దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది మనదేనా?" అన్నాడు.

"పక్కింటోళ్లది తెచ్చి నీకెందుకు చూపిస్త?"

అతను నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు. శేషారత్నం వంటింట్లోంచి వచ్చి సంగతి విని, ముందు కోడలి నోట్లో ఇంత పంచదార పోసింది. వెంటనే, "ఇంక రేపటి నుంచి ఆ నడక కట్టిపెట్టమ్మా. పుట్టాక ఎంతైనా నడుద్దువుగాని" అంది.

"డాక్టరమ్మను అడుగుదాం అత్తమ్మా. ఆమె వద్దంటే మానేస్త."

మాట అంది గాని, వద్దంటే ఎలా మానాలో లాస్యకు తెలియదు. పదహారో ఏట మొదలైన నడక అది.

డాక్టర్ రష్మి దగ్గరికి ముగ్గురూ వెళ్లారు. ఆవిడ అన్నీ రాసుకుంటూ, వారానికి ఎంత నడుస్తారని అడిగింది.

"తొంభై కిలోమీటర్లు మేడం."

"తొమ్మిదా?"

"తొంభై."

డాక్టర్ పెన్ను కింద పెట్టింది. బీపీ చూసింది, రక్తపరీక్షలు రాసింది, ఇదివరకు ఏమైనా జబ్బులున్నాయా అని అడిగింది. రిపోర్టులు వచ్చాక మళ్లీ కూర్చోబెట్టి నిదానంగా చెప్పింది. "మీ ఒళ్లు దీనికి అలవాటుపడి ఉంది. ఇప్పటికైతే మానేయాల్సిన కారణం నాకు కనిపించడం లేదు. కానీ పోటీలు వద్దు. వాచీ చూసుకుంటూ వేగం పెంచడం వద్దు. ఎండలో వద్దు, నీళ్లు తాగకుండా వద్దు. కిలోమీటర్లు తగ్గించండి. నడుస్తున్నప్పుడు పక్కనున్నవాళ్లతో మామూలుగా మాట్లాడగలగాలి. మాటకీ మాటకీ మధ్య రొప్పు వచ్చిందంటే అది మీకు ఎక్కువ వేగం. రక్తం కనిపించినా, కళ్లు తిరిగినా, నొప్పి వచ్చినా ఉన్నచోటే ఆగిపోయి నాకు ఫోన్ చెయ్యండి."

"పక్కన మాట్లాడనీకి ఎవ్వరు లేకుంటే?" అంది లాస్య.

"నేనుంటాను" అంది శేషారత్నం. ఆ మాటలో సంతోషమేమీ లేదు. కాపలాకి వెళ్లే మనిషి గొంతు అది.

కమలాకర్‌కు సంగతి చెప్పినప్పుడు ఆయన టోపీ తీసి తల గోక్కున్నాడు. "బిడ్డా, నీకు అబద్ధం చెప్ప. కడుపుతోని ఉన్నోళ్లను నడిపించుడు నాకు తెల్వదు. డాక్టరమ్మ ఏమేం చెప్పిందో కాగితం మీద రాసి తీస్కరా. వాచీ ఇంట్ల పెట్టు." కాగితం తెస్తే రెండుసార్లు చదివి, తన దగ్గర ఒక కాపీ ఉంచుకున్నాడు. జాతీయ పోటీల జాబితాలోంచి ఆమె పేరు ఆయనే తీయించాడు, ఆమె చేత ఆ ఫోను చేయించకుండా.

ఆ రెండు నెలలూ వాంతులతో సగం రోజులు నడకే లేదు. పోటీల రోజున లాస్య ఫోనులో ఫలితాలు చూసింది. ఐదో స్థానం ఎవరిదో పేరు రెండుసార్లు చదివి, ఫోను పక్కన పెట్టి, సగం ఇడ్లీ తిని పడుకుంది.

ఒంట్లో కుదుటపడ్డాక ఏప్రిల్‌లో అసలు నడక మొదలైంది. తెల్లవారి అయిదున్నరకు ఇద్దరూ దిగేవారు. ఫిల్మ్‌నగర్ వీధుల్లోంచి జూబ్లీ హిల్స్ వైపు, పెద్ద ఇళ్ల మధ్య చెట్లున్న రోడ్ల మీద. శేషారత్నం గత పదేళ్లలో గుడిదాకా తప్ప నడిచింది లేదు. మొదటి రోజు నాలుగు వందల మీటర్లకే ఒక పెద్ద ఇంటి గేటు పక్క అరుగు మీద కూలబడింది. లోపల్నుంచి వాచ్‌మన్ కుర్చీ తెచ్చి వేశాడు. లాస్య ఆ వీధి చివరిదాకా వెళ్లి వచ్చింది, మళ్లీ వెళ్లి వచ్చింది. అత్తగారు ఒక వీధి నడిచేలోపు కోడలు మూడుసార్లు ఆమెను దాటిపోయేది. దాటినప్పుడల్లా ఒక మాట చెప్పి పోయేది.

కార్లు తుడుచుకునే డ్రైవర్లు ఆ నడక చూసి గుడ్డలు చేత్తో పట్టుకుని నిలబడిపోయేవారు. ఒకాయన వారం రోజులు చూసి, ఇంక ఉండబట్టలేక అడిగాడు. "మేడం, షూటింగా? కెమెరా యాడ పెట్టిన్రు?"

"కెమెరా లేదన్నా. ఉత్త నడకే."

"మరి గట్ల నడుస్తున్రేంది?"

"వేగంగా పోనీకి."

ఆయన ఆలోచించి, "అయితే ఉరకొచ్చు కదా" అన్నాడు. శేషారత్నం కుర్చీలో కూర్చునే పకపకా నవ్వింది. ఆ రోడ్డు మీద ఆమె నవ్వడం అదే మొదలు.

మాట్లాడుతూ నడవాలి కాబట్టి మాటలు కావాలి. మొదటి వారంలో ఆవకాయ, టీవీ సీరియళ్లు, శ్రీనివాస్ చిన్ననాటి అల్లరి అయిపోయాయి. ఆ తరువాత శేషారత్నం తన మద్రాసు రోజుల్లోకి వెళ్లింది. సినిమాల్లో జనం గుంపుగా అరిచే చోట, ఏడ్చే చోట గొంతులివ్వడానికి ఆడవాళ్లు కావాల్సి వస్తే సుబ్రహ్మణ్యం ఇంటి నుంచి ఆమెనే తీసుకెళ్లేవాడట. "శవం పక్కన ఏడ్చే పదిమందిలో నా గొంతు ఉందంటే తక్కినవాళ్లు అక్కర్లేదనేవారు సౌండ్ ఇంజనీరుగారు. చప్పుళ్లలో నాకున్న నేర్పే మావాడికి అబ్బింది" అంది. ఇది లాస్యకే కాదు, శ్రీనివాస్‌కి కూడా కొత్త సంగతే. ఇంటికి వచ్చి చెబితే అతను నమ్మలేదు. శేషారత్నం స్టవ్వు దగ్గర నిలబడే ఒక్క ఏడుపు ఏడ్చి చూపించింది. పైఅంతస్తువాళ్లు కంగారుగా దిగివచ్చారు.

మే నెల సగంలో, అయిదో నెల నడుస్తుండగా, ఒక ఉదయం లాస్యకు బూట్లు కనిపించలేదు. చెప్పుల స్టాండులో లేవు, మంచం కింద లేవు, బాల్కనీలో లేవు. చివరికి వాషింగ్ మిషన్‌లో, ఉతకని దుప్పట్ల అడుగున దొరికాయి.

"అత్తమ్మా, ఇవి దీంట్లకెట్ల వచ్చినయ్?"

శేషారత్నం పాలు పొయ్యి మీద పెట్టింది.

"నడవొద్దని నాకు చెప్తే అయిపోతుండె కదా. దాచుడెందుకు? నేనేం చిన్నపిల్లనా?" లాస్య గొంతు పెరిగింది. ఆ ఇంట్లో ఆమె గొంతు పెంచడం అంతకు ముందు లేదు.

"ఈ ఒక్క నెలా వద్దమ్మా" అంది శేషారత్నం అటు తిరిగే. "ఈ నెల గడవనీ."

పాలు కాగాయి. ఆమె స్టవ్వు కట్టేసి కూర్చుంది. తరువాత చెప్పింది. మద్రాసు నుంచి వచ్చిన కొత్తల్లో ఈ గుట్ట మీద ఇళ్లు తక్కువ, బండలెక్కువ. నీళ్ల ట్యాంకరు కింద రోడ్డు మీదే ఆగేది. రెండు బిందెలు పైకి మోసుకొచ్చేది తను. అప్పుడు మొదటిసారి కడుపుతో ఉంది, అయిదో నెల. ఒకరోజు బిందెలు దించాక నొప్పి మొదలై, సాయంత్రానికి ఆసుపత్రిలో బిడ్డ పోయింది. చూడటానికి వచ్చినవాళ్లందరూ ఒకటే మాట, బరువులు మోసి పోగొట్టుకుందని. ఆయన ఒక్కడే అనలేదు. కానీ కాదని కూడా అనలేదు. మూడేళ్లకు శ్రీనివాస్ పుట్టాడు. ఆ తొమ్మిది నెలలూ ఆమె గడప దాటలేదు.

"వాడికి కూడా తెలీదు ఈ సంగతి" అంది శేషారత్నం. "ముప్పై ఏళ్లు దాటిపోయింది. ఎవరితోనూ అనలేదు."

లాస్య బూట్లు పక్కన పెట్టి ఆమె దగ్గర నేల మీద కూర్చుంది. ఆ రోజు నడకకు వెళ్లలేదు. మరునాడు కూడా వెళ్లలేదు. ఆ వారం చివర అయిదో నెల స్కానింగ్ ఉంది.

స్కానింగ్‌కు అత్తాకోడళ్లిద్దరే వెళ్లారు. అంతా బాగానే ఉంది. బిడ్డ కాళ్లు కదిలిస్తుంటే డాక్టర్ రష్మి తెర వైపు చూపించి, "ఇదీ నడుస్తోంది" అంది. లాస్య చీర సర్దుకుని లేచాక, బయటికి వెళ్లబోతుంటే శేషారత్నం కదల్లేదు.

"నాదొక మాట అడగొచ్చాండీ?" అంది. గొంతు బాగా తగ్గిపోయింది. జరిగింది నాలుగు ముక్కల్లో చెప్పింది. "నీళ్లు మోయడం వల్లేనా?"

డాక్టర్ కుర్చీ లాక్కుని ఆమె ఎదురుగా కూర్చుంది. అప్పుడు నొప్పి ఎలా వచ్చిందో, జ్వరం ఉందో లేదో, ఆసుపత్రిలో ఏం చెప్పారో అడిగింది. చాలావరకు శేషారత్నానికి గుర్తు లేదు. "అప్పుడు ఏం జరిగిందో ఇప్పుడు నేను చెప్పలేనమ్మా" అంది డాక్టర్. "ఇన్‌ఫెక్షన్ కావచ్చు, గర్భసంచి ముఖద్వారం బలహీనంగా ఉండి ఉండవచ్చు, బిడ్డలోనే ఏదైనా లోపం ఉండవచ్చు. కానీ మీరు బిందె ఎత్తినందువల్లే పోయిందని చెప్పడానికి నాకు ఏ ఆధారమూ లేదు. అలా అన్నవాళ్లు డాక్టర్లా?"

"కాదండీ. మా ఆడపడుచులు."

"అయితే ఆ మాట వదిలేయండి."

ఇంటికి చేరాక లిఫ్టు దగ్గర శేషారత్నం, "సాయంత్రం ఎండ తగ్గాక కాసేపు నడుద్దామా?" అంది.

ఆ రోజు నుంచి ఆమె కాపలాకు రావడం మానేసి నడవడానికి రావడం మొదలుపెట్టింది. తేడా ఆమె చెప్పులకే ముందు తెలిసింది, అరిగిపోయాయి. లాస్యకూ పాదాలు ఉబ్బి ఆరో నంబరు బూట్లు బిగుసుకుపోయాయి. ఒక ఆదివారం శ్రీనివాస్ ఇద్దరినీ టోలిచౌకిలో బూట్ల షాపుకు తీసుకెళ్లాడు. కోడలికి ఏడో నంబరు, తల్లికి అయిదో నంబరు. శేషారత్నం జన్మలో వేసుకున్న మొదటి బూట్లు అవి. నేత చీర కుచ్చిళ్ల కింద నీలం రంగు బూట్లతో షాపులోనే నాలుగడుగులు వేసి, అద్దంలో చూసుకుని, "అసలు కాళ్లున్నట్టే లేదే" అంది.

జూన్ చివర రాష్ట్ర పోటీలు జరిగాయి. లాస్య నీళ్ల టేబుల్ దగ్గర నిలబడి, నడిచి వెళ్లేవాళ్లకు గ్లాసులందించింది. పొట్ట టీషర్టులో బాగా తెలుస్తోంది. పంతొమ్మిదేళ్ల వర్ణిక అనే అమ్మాయి, లాస్య తరువాత కమలాకర్ దగ్గర చేరిన పిల్ల, చివరి రౌండులో ఒంటరిగా వచ్చింది. లాస్య రికార్డు నలభై సెకన్లతో పోయింది. లాస్యే ముందుగా వెళ్లి ఆ పిల్ల భుజం మీద తడి తువ్వాలు కప్పింది.

అందరూ వెళ్లాక కమలాకర్ వచ్చి పక్కన నిలబడ్డాడు.

"బాధైతుందా బిడ్డా?"

"అయితుంది సార్."

"కావాలె. కాకుంటే నువ్వు ఆట విడిచిపెట్టినట్టే లెక్క."

మరునాడు ఉదయాన లాస్య లేచేసరికి బిడ్డ లోపల గట్టిగా తన్నుతోంది. అయిదున్నరకు ఎప్పటిలాగే బూట్లు వేసుకుంది, వంగడం కష్టమై శ్రీనివాస్ చేత లేసులు కట్టించుకుంది.

శ్రావణంలో సీమంతం చేశారు. రేపల్లె నుంచి వచ్చిన శేషారత్నం పెద్దాడపడుచు గాజులు తొడుగుతూ, "ఇంకా నడుస్తూనే ఉందటగా పిల్ల? ఆ నడుం తిప్పుడుకి బిడ్డ నిలుస్తుందా?" అంది, అందరికీ వినపడేలా.

శేషారత్నం పులిహోర గిన్నె కింద పెట్టింది. "డాక్టరుగారు చూస్తూనే ఉన్నారు వదినా. నడిస్తే బిడ్డ పోదు. బిందె మోసినా పోదు. ఇంక ఆ మాట నా ఇంట్లో అనొద్దు." గొంతు పెంచలేదు. మళ్లీ గిన్నె తీసుకుని ముందుగా ఆమెకే వడ్డించింది. ఆవిడ తలొంచుకుని తింది. శ్రీనివాస్ ఆ సాయంత్రం బిందె సంగతేంటని అడిగాడు. తల్లి ఈసారి చెప్పింది.

ఆగస్టులో ఒకరోజు శ్రీనివాస్ హాల్లో పని చేసుకుంటూ తల ఎత్తకుండానే అడిగాడు. "నీ ఎడమకాలు నొప్పెడుతోందా?"

"లేదు."

"కుడికాలు బరువుగా పడుతోంది. ఎడమది సగమే ఆనుతోంది."

"నువ్వెప్పుడు చూసినవ్?"

"చూడలేదు. విన్నాను. మూడు రోజుల నుంచి."

సరిగ్గా మూడు రోజులే. కటి ఎముకల దగ్గర సూదులు గుచ్చినట్టుంటే, చెబితే నడక ఆపేస్తారని ఆమె దాచింది. మరునాడు డాక్టర్ చూసి ఫిజియోథెరపిస్టు దగ్గరికి పంపింది. నెలలు నిండేకొద్దీ అక్కడి కీళ్లు వదులవుతాయి, ఆ తుంటి తిప్పే నడక ఇప్పుడు పనికిరాదు అన్నారు. వారం విశ్రాంతి. పక్కకు తిరిగి పడుకుని చేసే వ్యాయామాలు కొన్ని, గోడకు వీపు ఆనించి చేసేవి కొన్ని. ఆ తరువాత చిన్న చిన్న అడుగులతో మామూలు నడక మాత్రమే.

చిత్రమేమంటే లాస్యకు మామూలు నడక రాదు. పన్నెండేళ్ల అలవాటు. మోకాలు దానంతట అదే బిగుస్తుంది, నడుము దానంతట అదే తిరుగుతుంది. అపార్ట్‌మెంట్ సెల్లార్లో, వాన పడుతున్న ఉదయాలు, శేషారత్నం ఆమెకు నడవడం నేర్పింది. "మోకాలు వదిలేయి. చేతులు ఊరికే వేలాడనీ. ఎక్కడికీ వెళ్లే పని లేనట్టు నడు."

"పని లేనట్టు నాకొస్తలేదు అత్తమ్మా."

"నన్ను చూసి వెయ్యి. నాకు బాగా వచ్చు."

కార్ల మధ్య ఇద్దరూ నవ్వుకుంటూ ఎన్ని రౌండ్లు తిరిగారో లెక్క లేదు.

సెప్టెంబరులో పుట్టింటి ఆనవాయితీ ప్రకారం లాస్య ఎర్రగడ్డ వెళ్లింది. వాళ్ల అమ్మ ఆమెను మంచం దిగనివ్వకూడదనుకుంది. మూడో రోజు ఉదయం ఏడు కాకముందే తలుపు చప్పుడైంది. తీస్తే శేషారత్నం, నీలం బూట్లతో. ఫిల్మ్‌నగర్ నుంచి జూబ్లీ హిల్స్ చెక్‌పోస్టుకు ఆటో, అక్కణ్ణుంచి మొదటి మెట్రో, అమీర్‌పేటలో మారి ఎర్రగడ్డలో దిగిందట. ఒంటరిగా మెట్రో ఎక్కడం అదే మొదటిసారి.

"ఏంది వదినా, గింత పొద్దుగాల? అంతా మంచిదేనా?" అని లాస్య తల్లి కంగారుపడింది.

"మంచిదే వదినా. నాకు నడవకపోతే తోచడం లేదు. దీన్ని తీసుకెళ్తాను."

ఇంటి దగ్గరి చిన్న పార్కులో ఇద్దరూ నడిచేవారు. ఇప్పుడు ముందు వెళ్లి మలుపులో ఆగేది అత్తగారు. ఆగి, వెనక్కి వచ్చి, పొట్ట కింద చెయ్యి పెట్టుకుని మెల్లగా వస్తున్న కోడల్ని కలుసుకుని మళ్లీ ముందుకు పోయేది. నెల తిరిగేసరికి లాస్య తల్లి కూడా చెప్పులేసుకుని దిగింది. షుగరు పరీక్షలో శేషారత్నం అంకెలు చూసి ఆమె డాక్టరు ఒక మాత్ర తగ్గించాడు.

అక్టోబరులో ఒకరోజు తెల్లవారుజామున నొప్పులు మొదలయ్యాయి. సాయంత్రందాకా లాస్య ఓర్చుకుంది. ఆసుపత్రి వరండాలో శ్రీనివాస్ చెయ్యి పట్టుకుని నడుస్తూ, ఆగుతూ, ఊపిరి లెక్కపెట్టుకుంటూ గడిపింది. నాలుగు గంటలప్పుడు బిడ్డ గుండె చప్పుడు తగ్గుతోందని డాక్టర్ రష్మి ఆపరేషన్ చేయాలంది. అయిదుంపావుకు ఆడపిల్ల పుట్టింది. రెండు కిలోల తొమ్మిది వందలు. ఏడుపు విని శ్రీనివాస్, "నానమ్మ గొంతే" అన్నాడు.

మరునాడు డాక్టర్ చూడటానికి వచ్చినప్పుడు లాస్య అడిగింది. "ఇంత నడిచిన కదా మేడం. అయినా ఆపరేషన్ అయింది. నేనేమన్నా తక్కువ చేసిన్నా? ఎక్కువ చేసిన్నా?"

డాక్టర్ నోరు తెరిచేలోపే మూల కుర్చీలోంచి శేషారత్నం అంది. "ఏమీ చెయ్యలేదమ్మా. ఒక్కోసారి అలా అవుతుంది, అంతే. నీ వల్ల కాదు."

డాక్టర్ ఆమె వైపు చూసి, "నేను చెప్పాల్సిందీ అదే" అంది.

పిల్లకు సాత్విక అని పేరు పెట్టారు. కుట్లు మానడానికి లాస్య అనుకున్నదానికంటే ఎక్కువ కాలం పట్టింది. దగ్గితే నొప్పి, నవ్వితే నొప్పి. ఆరు వారాలకు డాక్టర్ సరేనంది. మొదటి రోజు లిఫ్టు నుంచి గేటుదాకా, గేటు నుంచి లిఫ్టుదాకా. సంక్రాంతి సెలవులు అయ్యాక కమలాకర్ ఒక వ్యాయామాల కాగితం పంపాడు. కింద, "తొందర లేదు" అని రెండుసార్లు రాసి గీత గీశాడు. మార్చికి ఆమె పాత నడక మళ్లీ వచ్చింది. మోకాలు బిగిసింది, నడుము తిరిగింది. రోడ్డు మీది ఆ డ్రైవరు చూసి, "మల్లా షురూ అయిందా మేడం" అని సలాం కొట్టాడు.

జూన్‌లో పది కిలోమీటర్ల పందెం. సాత్వికకు ఎనిమిది నెలలు. వర్ణికే గెలిచింది. లాస్య యాభై నాలుగు నిమిషాల్లో నాలుగో స్థానంలో వచ్చింది. ఒకప్పుడు తనకు పట్టే సమయం కంటే ఇది అయిదు నిమిషాలు ఎక్కువ. గీత దాటాక రొప్పుతూ మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, కమలాకర్ చూపించిన అంకె చూసి తల ఊపింది.

"ఎట్లుంది?" అన్నాడాయన.

"కాళ్లు మంచిగున్నయ్ సార్. ఊపిరి కూడా మంచిగనే ఉంది. ఆకలైతుంది."

స్టాండు వెనక నీడలో శేషారత్నం దుప్పటి పరిచి, మనవరాలిని ఒళ్లో వేసుకుని కూర్చుంది. లాస్య చెమట తుడుచుకుని పిల్లకు పాలిచ్చింది. శ్రీనివాస్ చున్నీ అడ్డం పట్టుకుని నిలబడ్డాడు. వర్ణిక మెడలో మెడల్‌తో వచ్చి, పిల్లను ఒకసారి ఎత్తుకోవచ్చా అని అడిగి, నిద్రపోతోందని చూసి పక్కనే కూర్చుంది. శేషారత్నం క్యారియర్ విప్పి అందరికీ పెరుగన్నం కలిపి పెట్టింది. లాస్య తినేసి, మళ్లీ గిన్నె ముందుకు చాపింది.